రెండు చక్రాల జోలె

*ముప్పదియారుగురు మిత్రులు 1980లో ఆరంభించిన సైకిలు యాత్ర 2024 నాటికి వంద కోట్ల డాలర్ల నిధిగా పెరిగినది. ఆ ధనము చేరు వైద్యాలయపు తొలి విజయములో మన భీమవరపు బిడ్డకు పాలున్నది. పరుల కొరకు దూరపు దారి పట్టు స్నేహితుల కథ ఇది.*

ఆగస్టు నెల మొదటి శనివారము. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున స్టర్‌బ్రిడ్జ్ అను చిన్న పట్టణములో ఇంకను తెలవారలేదు. దీపముల వెలుగులో వేలకొలది సైకిళ్లు బారులు తీరియున్నవి. చెమ్మగిలిన సీటును రుమాలుతో తుడుచుకొనువారు కొందరు, బొటనవ్రేలితో టైరు నొక్కి గాలి సరిపోవునో లేదో చూచుకొనువారు కొందరు, అరటిపండు ఒలిచి సగము ప్రక్కవాని చేతిలో పెట్టువారు కొందరు. ఉత్సాహమునకు కొదువ లేదు. అయినను పందెపు మైదానములలో వినవచ్చు కోలాహలము ఇచట లేదు. దగ్గరకు పోయి చూచినచో, ఒకని హెల్మెట్టుకు చిన్న ఫోటో అతికించియున్నది; ఒకామె చొక్కా వెనుక నాలుగైదు పేర్లు చేతివ్రాతతో వ్రాసియున్నవి; ఆ పేర్లలో రెండింటి ప్రక్కన సంవత్సరములు కూడ కలవు. బ్రతికియున్నవారెవరో, గతించినవారెవరో ఆ అంకెలే చెప్పుచున్నవి.

వేళ కాగానే ముందు వరుస కదలును. గొలుసులు పళ్లచక్రములపై పడు టకటక ధ్వని తప్ప కొంతసేపటివరకు వేరు మాట వినబడదు. ఇట నుండి కేప్ కాడ్ భూభాగపు కొనయందలి ప్రావిన్స్‌టౌను వరకు దాదాపు 300 కిలోమీటర్ల దారి. మన లెక్కలో హైదరాబాదు నుండి విజయవాడకు పోయి ఇంకను కొంత ముందుకు సాగినంత. దానిని రెండు దినములలో తొక్కవలెను. మొదటి దినము ఎక్కువ దూరము. ఆ రాత్రి కాలువ ఒడ్డుననున్న నావికా విద్యాలయములో బస. మరునాటి వేకువన వంతెన దాటి, ఇసుకదిబ్బల నడుమ, సముద్రపు గాలికి ఎదురుగా మిగిలిన దారి.

ఈ దారి ప్రక్కన ఒక బాలుడు ఏటేటా ఒక అట్టముక్క పట్టుకొని నిలుచుండెడివాడు. “మీ వలన నాకిప్పుడు ఇన్ని యేండ్లు” అని దానిపై వ్రాసియుండెడిది. సంవత్సరము గడచిన కొలది మారునది అందలి అంకె యొక్కటే. పసితనమున క్యాన్సరు వాతబడి, చికిత్సతో బ్రతికి బట్టకట్టినవాడు అతడు. ఎదురుగాలిలో అలసి, మోకాళ్లు నొచ్చి, ఇంక దిగిపోదమా అని తలపోయుచున్నవానికి ఆ అట్టముక్కపై అంకెకు మించిన సమాధానము ఏమున్నది?

ఈ యాత్ర పేరు పాన్-మాస్ చాలెంజ్. ఒక్క 2024 సంవత్సరములోనే ఈ యాత్రికులు 7 కోట్ల 50 లక్షల డాలర్లు పోగుచేసిరి. దానితో మొదటినుండి సమకూర్చిన మొత్తము వంద కోట్ల డాలర్లు దాటినది. మన రూపాయలలో ఎనిమిది వేల కోట్లకు పైమాటయే. ఇంత ధనము సైకిలు పెడళ్ల నుండి ఎట్లు పుట్టినది? ఆరంభించినవారు కోటీశ్వరులు కారు, ప్రభుత్వము కాదు. కొందరు స్నేహితులు.

తల్లిని పోగొట్టుకొన్న కుమారుడు

బిల్లీ స్టార్ అను యువకుని తల్లి 1974లో మెలనోమా అను చర్మపు క్యాన్సరుతో మరణించినది. ఆమెకు అప్పటికి యాబది యేండ్లైనను నిండలేదు. ఆపై ఆ కుటుంబములోనే మరికొందరు అదే మహమ్మారికి బలియైరి. దుఃఖము మనుష్యుని ఇంటిలో కూర్చుండబెట్టుటయు కలదు, వీధిలోనికి తరుముటయు కలదు. అతనిని వీధిలోనికి తరిమినది. దేహమును అలయజేయుటయే మనస్సునకు మందు అనుకొని అతడు కొండలెక్కెను, సైకిలు తొక్కెను. ఆ తొక్కుడు తనకు ఊరట కలిగించుచున్నది సరే, మరియొకనికి ఉపకరించునట్లు దానిని మలచరాదా అను ఆలోచన కలిగి, 1980లో మిత్రులను పిలిచి, స్ప్రింగ్‌ఫీల్డు నుండి ప్రావిన్స్‌టౌను వరకు రెండు దినముల యాత్ర తలపెట్టెను.

వచ్చినవారు 36 మంది. పోగైనది 10,200 డాలర్లు. తలకు లెక్కించినచో మూడు వందల డాలర్లు కూడ పడలేదు. ఆనాడు దీనిని చూచినవారు ఇదియొక వేసవి వినోదమని, వచ్చే యేటికి మరచిపోవుదురని అనుకొన్నను తప్పు పట్టరాదు. కాని మరుసటి యేడును వారు వచ్చిరి. వచ్చినవారు మరియొక మిత్రుని వెంటబెట్టుకొని వచ్చిరి. నేడు ఆరువేలకు పైగా యాత్రికులు, వారికి అన్నపానాదులు, వైద్యము, మరమ్మతు చూచుటకు వేలకొలది స్వచ్ఛంద సేవకులు. క్యాన్సరునుండి కోలుకొని తామే సైకిలెక్కి వచ్చువారును, కొడుకు తరువాత మనుమడును చేరిన కుటుంబములును వీరిలో కలవు. చికిత్స పొందుచున్న చిన్నారులను ఒక్కొక్క జట్టునకు జోడు చేయుదురు. జట్టువారు ఆ బిడ్డ పేరు మీద తొక్కుదురు, పండుగకు పబ్బానికి పలుకరింతురు.

భీమవరము నుండి బోస్టను వరకు

ఈ యాత్రలో చేరిన సొమ్మంతయు బోస్టనులోని డానా-ఫార్బర్ క్యాన్సరు సంస్థకు, దాని ధర్మనిధియైన జిమ్మీ ఫండునకు పోవును. ఆ నిధికి ఏటేటా వచ్చు ఆదాయములో సగమునకు మించినది ఈ సైకిలు యాత్రనుండియే వచ్చుచున్నది. ఆ సంస్థకు మూలపురుషుడు సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు. పిల్లలకు వచ్చు ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరును మందుతో లొంగదీయవచ్చునని లోకమునకు మొదట చూపినవాడు ఆయన. ఆ మందు ఆయన చేతికి ఎచటనుండి వచ్చినది? తెలుగువాడు ఇచట తప్పక నిలిచి చూడదగిన మలుపు ఒకటి ఉన్నది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. ఆయన సోదరులు ఇరువురు స్ప్రూ అను గ్రహణి వ్యాధితో కొలది దినముల యెడముననే కన్ను మూసిరి. తానును అదే వ్యాధి పాలబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో గట్టెక్కిరి. మద్రాసులో వైద్యము చదివి, 1923లో బోస్టను చేరి, హార్వర్డులో ఏండ్ల తరబడి పరిశోధన సాగించిరి. రక్తములోని భాస్వరమును కొలుచుటకు తోటి పరిశోధకుడగు ఫిస్కెతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతిని విద్యార్థులు నేటికిని చదువుచునే యున్నారు. అంత చేసినను హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ పరిశోధనాలయమునకు వెడలిరి. అచట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు మార్గము వెలువడినది. సోదరులను బలిగొన్న వ్యాధిలో కలుగు రక్తహీనతకు మందు ఆ విధముగా లభించినది.

కథ అంతటితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లము రక్తకణములను పెంచునది గదా. ల్యుకేమియా రోగులలో అది వ్యాధికణములను కూడ పెంచుచున్నట్లు ఫార్బరునకు తోచెను. అయినచో దానికి విరోధియైన పదార్థము ఆ కణములను అణచవలెను. సుబ్బారావుగారి బృందము తయారుచేసి పంపిన అట్టి విరోధియే అమినోప్టెరిన్. 1948 జూను నెలలో ఫార్బర్ బృందము ప్రకటించిన వ్యాసములో 16 మంది బిడ్డల సంగతి ఉన్నది. వారిలో 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనబడినది. అంతకు మునుపు ఆ రోగము వచ్చిన బిడ్డకు తల్లి ఒడి తప్ప వేరు ఆసరా లేకుండెను. అదే వంశపు మరియొక మందగు మెథోట్రెక్సేటు నేటికిని ల్యుకేమియాకు, కీళ్లవాతమునకు వాడుకలో ఉన్నది. పిల్లలలో మిక్కిలి సాధారణమైన ల్యుకేమియా రకమునకు, మంచి వైద్యశాలలలో, పదుగురిలో తొమ్మండుగురు నేడు కోలుకొనుచున్నారు.

ఆ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు యాబదిమూడేండ్ల ప్రాయమున మరణించిరి. తల్లిని కోల్పోయిన ఒక కొడుకు స్నేహితులతో సైకిలెక్కెను. తోబుట్టువులను కోల్పోయిన ఒక వైద్యుడు పరిశోధనాలయములో రాత్రులు గడపెను. ఇరువురి శ్రమయు ఒకే వైద్యశాల వాకిటికి చేరినది. స్వంత దుఃఖమునకు పరుల ముఖమున మందు వెదకిన ఈ ఇరువురికి ఒకరినొకరు ఎరుగు అవకాశమే లేదు. సుబ్బారావుగారు గతించునాటికి స్టార్ పుట్టియే యుండలేదు.

[పెట్టె] ఎవరీ జిమ్మీ?

• 1948 మే 22న అమెరికా అంతట వినబడిన ఒక రేడియో కార్యక్రమములో, బోస్టను ఆసుపత్రి మంచముపైనున్న పన్నెండేండ్ల బాలునితో వ్యాఖ్యాత రాల్ఫ్ ఎడ్వర్డ్స్ మాటాడెను. అసలు పేరు బయటపడకుండుటకు వానిని “జిమ్మీ” అనిరి.

• మాటల నడుమ, వాడు ఆరాధించు బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాండ్రు ఒక్కరొక్కరుగ గదిలోనికి వచ్చిరి. వారి ఆట చూచుటకు తనకొక టెలివిజను కావలెనని పిల్లవాడు కోరెను.

• శ్రోతలు 20,000 డాలర్లు పంపినచో టెలివిజను ఇత్తుమనిరి. ఆ సంవత్సరము వచ్చినది 2 లక్షల డాలర్లకు పైమాట. జిమ్మీ ఫండు అట్లు పుట్టినది.

• ఆ బాలుడు బ్రతికెను. యాబదియేండ్ల తరువాత, 1998లో, తానే జిమ్మీనని ఐనార్ గుస్టాఫ్‌సన్ అను లారీ డ్రైవరు లోకమునకు వెల్లడించెను.

అడుగుటకు అర్హత

సైకిలు యాత్రను గూర్చి విన్న ప్రతివాడును వేయు ప్రశ్న ఒకటి ఉన్నది: ధర్మము చేయదలచినచో చెక్కు వ్రాసి పంపరాదా, నడుమ ఈ మూడువందల కిలోమీటర్ల ప్రయాస ఎందుకు? ప్రశ్న సహేతుకమే. పెడలు తిరిగినందువలన ఏ రోగియు కోలుకొనడు.

సమాధానము యాత్రకు ముందు నెలలలో దొరకును. పాన్-మాస్ యాత్రికుడు పేరు నమోదు చేసుకొనునాడే, ఇంత మొత్తము తెచ్చెదనని మాట ఇచ్చి, క్రెడిట్ కార్డు అంకె వ్రాసి ఇయ్యవలెను. తేలేనిచో కొరవ సొమ్ము వాని స్వంత ఖాతానుండియే పోవును. దూరపు యాత్రకు ఆ మొత్తము వేల డాలర్లలో ఉండును. ఇక వాడేమి చేయును? మేనమామకు ఉత్తరము వ్రాయును. ఆఫీసులో ప్రక్క బల్లవానిని అడుగును. ఇరుగుపొరుగు తలుపు తట్టును. ఊరక అడిగినచో నోరు రాదు. “నేను ఇంత దూరము తొక్కుచున్నాను, నీవు ఇంత ఇమ్ము” అనినచో నోరు వచ్చును. వినువానికిని ఎదుట నిలిచినది ఎరుగని సంస్థ కాదు, ఎరిగిన మనుష్యుడు; ఆ మనుష్యుడు తన ఒంటిని కష్టపెట్టుకొనుచున్నాడు. అట్టివానికి లేదని చెప్పుట కష్టము. శ్రమయు, నొప్పియు కూడిన కార్యమునకు జనులు ఎక్కువ ఇచ్చుటకు ఇష్టపడుదురని క్రిస్టొఫర్ ఒలివోలా, ఎల్డార్ షఫీర్ అను పరిశోధకులు 2013లో ప్రయోగపూర్వకముగా చూపిరి. మన పెద్దలకు ఈ సంగతి ప్రయోగము లేకయే తెలియును.

1951లో వినోబా భావే తెలంగాణమున ఊరూర కాలినడకన తిరుగుచు పోచంపల్లి చేరగా, అచట వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరముల భూమి ఇచ్చుటతో భూదానోద్యమము పుట్టినది. మోటారులో వచ్చి అడిగియున్నచో ఆ నూరెకరములు వచ్చియుండెడివా? 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచివేసినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ప్రభృతులు జోలె పట్టి వీధులలో తిరిగిరి. ప్రేక్షకుల కనులకు దేవతలై వెలిగినవారు ఎండలో నడిచి చేయిచాచుటయే ఆనాటి విరాళములకు కారణమైనది. తన కొరకు చాచిన చేయి చిన్నబోవును. పరుల కొరకు జోలె పట్టిన చేయి మన దేశమున ఎన్నడును చిన్నబోలేదు. సైకిలు యాత్ర ఆ జోలెకు చక్రములు తొడిగినది, అంతియే.

దీనికి గట్టి నిదర్శనము 2020లో లభించినది. కోవిడ్ మూలమున ఆ యేడు సామూహిక యాత్ర సాగలేదు. ఎవరి పేటలో వారు, కొందరు ఇంటిలో కదలని సైకిలుపైనను తొక్కిరి. అయినను చేరిన ధనము 5 కోట్ల డాలర్లు! ముందటి యేటి కంటె తగ్గినమాట నిజమే. కాని దారియే లేని యేట అంత సొమ్ము వచ్చినదన్నచో, ఆ నిధి దూరములో లేదు, అడుగు నోటిలోను, అడుగువానిని ఎరిగిన గుండెలోను ఉన్నదని తేలుచున్నది.

గాలికి ఎదురు నిలుచువాడు

అయినచో స్నేహితులు ఏల? ఒంటరిగా పోరాదా? పోవచ్చును, పోయినవారును కలరు. కాని సైకిలు విద్యలోనే స్నేహమునకు తావు కల్పించిన రహస్యము ఒకటి ఉన్నది. చదునైన దారిపై తొక్కువాని బలములో అధికభాగము గాలిని చీల్చుటకే వ్యయమగును. ముందొకడు పోవుచుండగా వాని వెనుక చక్రమునకు మూరెడు, బారెడు దూరములో అంటిపెట్టుకొని పోవువానికి ఆ శ్రమలో నాలుగవ వంతో, మూడవ వంతో మిగులును. ముందున్నవాడు అలసినంతనే ప్రక్కకు తొలగి, వరుస చివర చేరును. రెండవవాడు గాలికి ఎదురు నిలుచును. ఇట్లు వంతులు మార్చుకొనుచు పోయినచో ఒక్కనికి అసాధ్యమైన దూరము నలుగురికి సాధ్యమగును.

వెనుకనున్నవానికి దారి కనబడదు. కావున ముందున్నవాడు గుంత వచ్చినప్పుడు వ్రేలితో నేలను చూపును, ఆగునప్పుడు చేయి ఎత్తును. ఆ సైగను ఒకరినుండి ఒకరు చివరివరకు అందింతురు. ఒక్కడు అందింపనిచో అయిదవవాడు గుంతలో పడును. స్నేహితుని కన్నులను నమ్ముకొని గంటకు ఇరువది అయిదు కిలోమీటర్ల వేగమున పోవుటలోని భయమును, ధీమాను తొక్కినవాడే ఎరుగును.

ఇందులో సుఖమే గాక కలహమును కలదు. నూరవ కిలోమీటరు దాటినపిదప మనుష్యుని మర్యాద పలుచనగును. బలవంతుడు నిదానముగా పోవుటకు విసుగుకొనును; బలహీనుడు తన మూలమున అందరికిని ఆలస్యమగుచున్నదని ముఖము చిన్నబుచ్చుకొనును. ట్యూబు పంక్చరైనప్పుడు ఒకడు చక్రము విప్పుచుండగా మిగిలినవారు నీడ వెదుకుకొనినచో, ఆ సాయంకాలము వరకు అది మనస్సులో కెలుకుచునే యుండును. అనుభవజ్ఞులైన జట్లకు దీనికి ఒకటే విధి: జట్టు వేగము అందరిలో బలహీనుని వేగము. దానిని మొదటి నాడే అందరి ముందును చెప్పి ఒప్పించుకొనవలెను.

మరియు సైకిలు తొక్కలేని మిత్రుడే జట్టునకు మిక్కిలి అవసరమైనవాడు. వానును నడుపువాడు, నీళ్లు నింపువాడు, ముందూరిలో సత్రము మాటాడువాడు, వచ్చిన ప్రతి రూపాయిని నోటుపుస్తకములో ఎక్కించువాడు: వీరు లేనిదే యాత్ర మొదటి మజిలీ కూడ దాటదు. పాన్-మాస్ యాత్రలో వేలకొలది స్వచ్ఛంద సేవకులు ఇందులకే ఉన్నారు.

[పెట్టె] దూరపు దారులు

• లాండ్స్ ఎండ్ నుండి జాన్ ఓ గ్రోట్స్: బ్రిటను నైరుతి కొన నుండి ఈశాన్య కొనకు, రోడ్డుమార్గమున దాదాపు 1,400 కి.మీ. ధర్మనిధుల కొరకు మిత్రబృందములు తరచుగా ఎన్నుకొను దారి.

• పారిస్–బ్రెస్ట్–పారిస్: 1891లో పందెముగా మొదలైనది. నేడు నాలుగేండ్లకు ఒకమారు, 1,200 కి.మీ., 90 గంటల గడువు. ధర్మయాత్ర కాదు, ఓర్పునకు పరీక్ష.

• బ్రెవేలు (గడువులోపల ముగింపవలసిన దూరపు సైకిలు యాత్రలు): 200 కి.మీ.కు 13½ గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. మన దేశమునను జరుగుచున్నవి. దూరపు యాత్రకు మంచి సాధన.

• టూర్ ఆఫ్ నీల్‌గిరీస్: 2008లో మొదలై, దక్షిణాది కొండదారులలో సాగు యాత్ర.

ఖర్చు మ్రింగిన ధర్మము

ఈ వనమున ముండ్లును కలవు. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి లాస్ ఏంజిలిస్ వరకు ఎయిడ్స్ రోగుల సహాయార్థము ఏడు దినముల సైకిలు యాత్ర ఆరంభమైనది. ఆ రోగమన్ననే జనులు ఆమడ దూరము తొలగు కాలమది. రోగులును, వారి ఆప్తులును పట్టపగలు ఊళ్ల నడుమ తలయెత్తి సాగుటయే ఒక విప్లవము. అమెరికాలో ఇతరచోట్లను అట్టి యాత్రలు వెలసినవి. కాని వేలమందికి వారము దినములు గుడారములు, స్నానపు ఏర్పాట్లు, మూడు పూటల భోజనము, ప్రకటనలు: వీనికే నిధిలో పెద్ద భాగము కరగిపోవుచున్నదని, కొన్ని యాత్రలలో సగమైనను రోగులకు అందలేదని తీవ్ర విమర్శలు వచ్చినవి. 2002 నాటికి పాత నిర్వాహకులతో తెగతెంపులై, సేవాసంస్థలే ఎయిడ్స్ లైఫ్‌సైకిల్ అను పేర స్వంతముగా నడుపసాగిరి. 545 మైళ్ల ఆ యాత్రయు 2025 జూనుతో ముగిసినది. చేరువారు తగ్గిరి, ఖర్చులు పెరిగినవి. ముప్పది యేండ్లలో 30 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చిన మహాకార్యమైనను లెక్క కుదరని నాడు నిలువలేదు.

పాన్-మాస్ వారు ఈ చిక్కును వేరు విధమున విడదీసిరి. నిర్వహణపు ఖర్చును యాత్రికుల ప్రవేశ రుసుము నుండియు, వ్యాపార సంస్థల ప్రత్యేక సహాయమునుండియు రాబట్టి, యాత్రికుడు అడిగి తెచ్చిన విరాళములో నూటికి నూరుపాళ్లును 2007 నుండి వైద్యశాలకే అప్పగించుచున్నారు. ఇచ్చువానికి ఈ ఒక్క మాట చాలును. “నీవిచ్చిన రూపాయిలో నా టీ ఖర్చు లేదు” అని చెప్పగలవాడు మరుసటి యేడు అదే గుమ్మములో ధైర్యముగా నిలువగలడు.

మన దారులపై

సైకిలు మనకు కొత్త కాదు. పాలవాని క్యానులను, తంతి తపాలాను, బడిపంతులును మోసిన బండియే. నడుమ కొన్నాళ్లు మోటారు సైకిలు దానిని గోడవారకు నెట్టినది. ఇప్పుడు నగరములలో అది వ్యాయామ సాధనమై తిరిగి వచ్చినది. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకముల పైకప్పుతో, 2023లో సైకిలు మార్గము తెరచిరి. ఆదివారము వేకువన అట్టి చోట్ల చేరు మిత్రబృందములలో, యాబది కిలోమీటర్లు తొక్కి ఇడ్లీలు తిని ఇంటికి పోవుటతో తృప్తి చెందనివారు కొందరుందురు. ఏదైన మంచి పనికి దీనిని మళ్లింతమా అని మొదట అనువాడు ఒకడుండును. ఆ మాట పుట్టినచోటనే ఇట్టి యాత్రలన్నియు పుట్టినవి.

మన దారికి మన జాగ్రత్తలు వేరు. అట ఆగస్టు అనుకూలము. మనకు కార్తికము నుండి మాఘము వరకు మేలు. అట పోలీసులు కూడలులలో వాహనములను ఆపుదురు. మన జాతీయ రహదారిపై ఎదురుదిక్కున వచ్చు ట్రాక్టరును మనమే చూచుకొనవలెను. అయినను మన దారికి గల సౌలభ్యము వేరొకటి: పది కిలోమీటర్లకు ఒక టీ దుకాణము, ప్రతి ఊరిలో పంక్చరు వేయువాడు, “ఎచటికి బాబూ?” అని అడుగు పెద్దమనిషి. ఆ ప్రశ్నకు ఇచ్చు జవాబే విరాళపు అభ్యర్థనగా పనిచేయును.

[పెట్టె] బయలుదేరు మిత్రులకు

• ఎవరి కొరకు? దారి గీయుటకు ముందు ఇది తేల్చుకొనవలెను. ఒకే సంస్థ, ఒకే అవసరము, ఒకే మొత్తము.

• సాధన: మూడు నాలుగు నెలల ముందునుండి వారమునకు కొంచెము కొంచెముగా దూరము పెంచవలెను. వరుసగా రెండు దినములు తొక్కుట తప్పక అలవరచుకొనవలెను. మొదటి దినమును ఎవరైనను తొక్కుదురు.

• వేళ: వేకువననే బయలుదేరి ఎండ ముదరకముందే అధికభాగము ముగించుట మేలు. చీకటిపడినపిదప రహదారి వలదు. హెల్మెట్టు, ముందు వెనుక దీపములు అందరికిని ఉండవలెను.

• సంచిలో: రెండేసి ట్యూబులు, ప్యాచీలు, గాలిపంపు, గొలుసు అతుకు పనిముట్టు, ఉప్పు కలిపిన నీళ్లు. మన ఎండలో గంటకు అర లీటరునకు తక్కువ త్రాగరాదు.

• ధనము: సొమ్ము స్నేహితుని ఖాతాలో గాక, నేరుగా గుర్తింపు గల సేవాసంస్థ ఖాతాలో పడునట్లు చూడవలెను. ఆదాయపు పన్ను రాయితీ కోరువారు 2,000 రూపాయలకు మించి నగదుగా ఇయ్యరాదు.

• విదేశీ విరాళము: విదేశీ పౌరసత్వము గల బంధువులనుండి ధనము స్వీకరించుటకు సంస్థకు ఎఫ్.సి.ఆర్.ఏ. అనుమతి ఉండవలెను. భారత పౌరులై విదేశములలోనున్నవారు తమ స్వార్జితమును బ్యాంకు ద్వారా పంపినచో అది విదేశీ విరాళము కాదు.

లెక్క చూపువానికే రెండవ యేడు

మొదటి యాత్రలో ఎంత వచ్చినదను ప్రశ్న పెద్దది కాదు. ముప్పదియారుగురికి పదివేల డాలర్లు వచ్చినప్పుడు ఆ సొమ్ముతో క్యాన్సరును జయింతుమని ఎవరును అనుకొనియుండరు. వారు చేసినది చిన్న పని. కాని అడిగిరి, తెచ్చిరి, అప్పగించిరి. ఇచ్చినవాడు తన సొమ్ము చేరవలసినచోట చేరినదని తెలిసికొనెను. అందువలననే మరుసటి యేడు అదే తలుపు తెరచుకొన్నది. నలుబది నాలుగేండ్ల పాటు తెరచుకొన్న తలుపుల మొత్తమే వంద కోట్లు.

కావున బయలుదేరదలచిన మిత్రులారా, సైకిలు ఖరీదును గూర్చి, చొక్కా రంగును గూర్చి నెలల తరబడి తర్కించుకొనక, మొట్టమొదట ఒక నోటుపుస్తకము కొనుడు. మీ ప్రయాణపు ఖర్చును మీరే భరించుడు. ఇచ్చినవారి పేర్లు, ఇచ్చిన మొత్తములు, అప్పగించిన రశీదు అందరికిని చూపుడు. అయిదువందలు ఇచ్చిన పొరుగింటి బామ్మగారికి కూడ ఒక కాగితము పంపుడు. కాళ్ల నొప్పులు వారములో తగ్గిపోవును. ఆ కాగితము మాత్రము వచ్చే యేటికి మీ తరఫున ముందుగా పోయి తలుపు తట్టును.